కుండీలో టమాటా: పాత మట్టి మళ్లీ వాడాలా, కోకోపీట్‌కి మారాలా?

ఒక పంట తీసేశాక కుండీలో మిగిలిన మట్టిని పారబోయనక్కర్లేదు. అలాగని ఉన్నదున్నట్టు మళ్లీ నారు నాటేస్తే రెండో పంట నీరసంగా వస్తుంది, ఒక్కోసారి అసలు రాదు. పాత మట్టితో చిక్కేమిటంటే అందులో ఉండకూడనివి మిగిలిపోతాయి: తెగుళ్లు, పేరుకున్న ఉప్పు. కోకోపీట్‌లో, అంటే కొబ్బరి పీచు పొట్టులో, ఉండాల్సినవే ఉండవు. నత్రజని దాదాపు సున్నా, కాల్షియం వేసినా అదే పట్టేసుకుంటుంది. ఈ తేడా మనసులో ఉంటే మిగతా పనులు ఎందుకు చేస్తున్నామో తెలుస్తుంది.

ముందు పాత మట్టి సంగతి. మట్టి కన్నా ముందు చూడాల్సింది ఎండిపోయిన మొక్క వేళ్లని. మొక్కని నెమ్మదిగా పీకి, వేళ్లని బకెట్ నీళ్లలో జాడించండి. వేరు భాగమే ఉబ్బి పూసల దండలా బుడిపెలు కట్టి ఉంటే అది నులిపురుగుల పని, అంటే వేళ్లలో చేరే కంటికి కనిపించని సన్నటి పురుగులది. చిక్కుడు జాతి వేళ్ల మీద మామూలుగా ఉండే బుడిపెలతో వీటిని పొరబడొద్దు: అవి వేరు పక్కన అంటుకుని ఉంటాయి, గోటితో గిల్లితే ఊడొస్తాయి. నులిపురుగు బుడిపె ఊడదు, ఎందుకంటే అది ఉబ్బిన వేరు భాగమే.

మొక్క పచ్చగా ఉండగానే రెండు మూడు రోజుల్లో వాలిపోయి చచ్చిందా? అయితే కాండం మొదట్లోంచి బెత్తెడు ముక్క కోసి, గాజుగ్లాసు నీళ్లలో కొస మునిగేలా వేలాడదీయండి. కొద్ది నిమిషాల్లో కోసిన చోటు నుంచి పాలలాంటి సన్నటి తీగలు కిందికి జారితే బాక్టీరియా ఎండు తెగులు. ఆ మట్టిని ఇక టమాటా, వంగ, మిరప, బంగాళాదుంపలకి వాడొద్దు. ఇవన్నీ ఒకే కుటుంబం, ఆ బాక్టీరియా మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతుంది. తీగలు రాకుండా, కాండం చీలిస్తే లోపల గోధుమరంగు చారలు కనిపిస్తే ఫ్యుజేరియం అనే శిలీంధ్రం అయ్యే అవకాశం ఎక్కువ. అదీ మొండిదే. ఇలాంటి మట్టిని బాగుచేద్దామని శ్రమపడటం కంటే ఆ కుండీలో కోకోపీట్ నింపడం తెలివైన పని. కుండీని మాత్రం బాగా కడిగి ఎండబెట్టాలి.

వేళ్లు శుభ్రంగా ఉంటే పని సులువు. మట్టిని సెంటీమీటరు కంతల జల్లెడతో జల్లించి వేరుముక్కలు తీసేయండి. పీచువేళ్లు కొన్ని మిగిలినా ఫర్వాలేదు, కుళ్లిపోతాయి. కుండీ అంచుల్లో తెల్లటి పొర కట్టి ఉంటే అది ఎరువుల ఉప్పు. అలాంటప్పుడు మట్టి పరిమాణానికి రెండింతల మంచినీళ్లు పోసి కింద నుంచి పూర్తిగా కారనివ్వాలి. తర్వాత మట్టిని కాస్త తడిగా ఉంచి, పారదర్శకమైన పాలిథిన్ సంచిలో పలచగా పరిచి, మూతి కట్టి, మంచి ఎండలో నాలుగు నుంచి ఆరు వారాలు వదిలేయండి. నల్ల సంచి వద్దు. వేడి సంచి పైనే ఆగిపోతుంది. పొడి మట్టీ వద్దు. తడి లేకపోతే వేడి లోపలికి పాకదు. సంచి మధ్యలో 60 డిగ్రీల సెల్సియస్ గంటసేపు నిలిస్తే చాలా తెగుళ్లు, కలుపు గింజలు చస్తాయి.

ఇరవై లీటర్ల కుండీకి కలపాల్సిన పాళ్లు: జల్లించిన పాత మట్టి 10 లీటర్లు, వర్మీకంపోస్టు 5 లీటర్లు, గుల్లదనానికి పెర్లైట్ (తేలికపాటి తెల్లటి రాతి గుళికలు) గానీ కోకోపీట్ గానీ 5 లీటర్లు, వేపపిండి 100 గ్రాములు, ఎముకల పొడి 50 గ్రాములు. గుల్లదనం కోసం వేసేది మానేయకండి. పాత మట్టిలో సేంద్రియ పదార్థం కరిగిపోయి రేణువులు దగ్గరపడతాయి, వేళ్లకి గాలి అందదు. తడిపి రెండు వారాలు పక్కన పెట్టాకే నాటాలి. వేపపిండి చివికేటప్పుడు వేడి, అమ్మోనియా పుడతాయి. తొందరపడితే లేత వేళ్లు మాడతాయి. ఈలోగా పైన తెల్ల బూజు వస్తే కంగారు పడొద్దు, కలియబెడితే పోతుంది.

కోకోపీట్‌కి ఇంత నిరీక్షణ లేదు, కానీ దాని తద్దినం దానికుంది. 5 కిలోల దిమ్మకి సుమారు 25 లీటర్ల నీళ్లు పోస్తే 70 లీటర్ల దాకా పొంగుతుంది, అంటే మూడు పెద్ద కుండీలకి సరిపోతుంది. కత్తితో నరకొద్దు, నీళ్లు పీల్చుకుని దానంతటదే విడిపోతుంది. తర్వాత అందులోని ఉప్పు పోయేలా రెండు మూడుసార్లు కడగాలి. చాలామంది నీళ్లలో టీ రంగు పోయేదాకా కడుగుతూ కూర్చుంటారు. ఆ రంగు టానిన్లనే సహజ పదార్థాల వల్ల వచ్చేది, ఉప్పుకి దానితో సంబంధం లేదు. నీటిలో కరిగిన ఉప్పుని కొలిచే ఈసీ మీటరు ఉంటే కారిన నీటిలో 0.5 mS/cm కి అటూ ఇటూ వచ్చేసరికి ఆపేయొచ్చు.

కడిగినంత మాత్రాన అయిపోలేదు. పొట్టు రేణువులకి అతుక్కున్న సోడియం, పొటాషియం వట్టి నీళ్లకి వదలవు; వాటి చోటులోకి కాల్షియం వస్తేనే వదులుతాయి. లీటరుకి 2 గ్రాముల చొప్పున కాల్షియం నైట్రేట్ కలిపిన నీళ్లలో రాత్రంతా నానబెట్టి, పొద్దున వంచేసి, ఒకసారి మంచినీళ్లతో జాడించండి. దిమ్మ మీద ‘కడిగినది’ అని రాసి ఉన్నా ఈ పని చేయాల్సిందే. మానేస్తే మొక్కకి వేసిన కాల్షియాన్ని, మెగ్నీషియాన్ని కోకోపీట్ లాగేసుకుంటుంది: కొత్త ఆకులు ముడుచుకుంటాయి, ముదురు ఆకుల్లో ఈనెల మధ్య పసుపు తేలుతుంది, కాయ అడుగున నల్లటి మచ్చ పడుతుంది.

కోకోపీట్‌లో మొక్కకి మేత, అంటే ఎరువు నీళ్లు, మొదటి వారం నుంచే మొదలవ్వాలి. నారుకి పావు మోతాదు, ఆరేడు ఆకులొచ్చాక పూర్తి మోతాదు: లీటరుకి 1 గ్రాము 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే ఎరువు) ఒక రోజు, 1 గ్రాము కాల్షియం నైట్రేట్ మర్నాడు. వారానికోసారి 19:19:19 నీళ్లలో లీటరుకి అర గ్రాము ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్), సూక్ష్మపోషకాల మిశ్రమం. కాల్షియం నైట్రేట్‌ని మిగతావాటితో చిక్కగా కలిపితే సున్నంలా అడుగున పేరుకుంటుంది, అందుకే విడివిడి రోజులు. పూత మొదలయ్యాక 19:19:19 బదులు పొటాష్ ఎక్కువుండే 13:0:45 (పొటాషియం నైట్రేట్) కి మారుతూ రండి. నీటి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 5.8 నుంచి 6.2 మధ్య ఉంచాలి.

చేయి తడబడేది నీళ్ల దగ్గరే. పాత మట్టిలో వేలు రెండు కణుపుల దాకా దిగినా తడి తగలకపోతేనే పోయాలి. కోకోపీట్‌ని అంతలా ఎండనివ్వకూడదు. ఎండితే లోపల ఉప్పు చిక్కబడుతుంది. రోజూ, కాయల కాలంలో రెండుసార్లు, పోసినదాంట్లో పదో వంతు నుంచి అయిదో వంతు కింద కారేలా పోయాలి. పళ్లెంలో చేరిన నీళ్లు పారబోయండి. ఒక్క నారు దశలో మాత్రం జాగ్రత్త: పైపొర ఎండి లేతరంగులో కనిపిస్తున్నా లోపల తడి బోలెడుంటుంది. పిడికెడు తీసి పిండండి. రెండు చుక్కలు రాలితే ఇవాళ్టికి నీళ్లు అక్కర్లేదు.

రోజూ చూసుకునే తీరిక లేనివాళ్లకి పాత మట్టే మేలు. రెండు రోజులు మరిచినా సర్దుకుంటుంది, మూడు వారాలకోసారి రెండు గుప్పెళ్ల వర్మీకంపోస్టు వేస్తే చాలు. తెగులు లేకపోతే కోకోపీట్‌నీ పారేయకుండా రెండు మూడు పంటలకి వాడుకోవచ్చు. వేళ్లు తీసి, కడిగి, మళ్లీ కాల్షియం నైట్రేట్‌లో నానబెట్టాలి. నలిగి పొడిపొడిగా మారి నీళ్లు పైనే నిలుస్తుంటే దాన్ని కుండీలోంచి తీసి, పైన చెప్పిన పాత మట్టి పాళ్లలోని ఆ 5 లీటర్లలో సగానికి వాడి, మిగతా సగం పెర్లైట్ వేయండి.