ఆర్ఓఎఫ్ఆర్ పట్టా దరఖాస్తు: పాత కాగితం లేదని వెనక్కి వచ్చేయకండి

శ్రీకాకుళం జిల్లా మెళియాపుట్టి వైపు ఒక సవర గిరిజనుల గూడెంలో, కొండవాలు మీద జీడితోట చేసుకుంటున్న ఒకాయన్ని ఆర్ఓఎఫ్ఆర్ పట్టాకి (సాగులో ఉన్న అటవీ భూమి మీద హక్కు పత్రం) పాత శిస్తు రసీదు కావాలని ఎవరో భయపెట్టారు. అది తెచ్చిపెడతానన్న దళారీకి 8 వేలు ఇచ్చేశాడు. ఆ రసీదు అసలు అక్కర్లేదు. అందుకే ఇది రాస్తున్నా.

మనం ఆర్ఓఎఫ్ఆర్ పట్టా అనేది 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చేది. గిరిజనులైతే 2005 డిసెంబర్ 13కి ముందు నుంచి ఆ భూమి మీ సాగులో ఉండాలి, ఇప్పటికీ మీరే చేసుకుంటూ ఉండాలి. గరిష్ఠంగా 4 హెక్టార్లు, అంటే పదెకరాలకు కాస్త తక్కువ. మా శ్రీకాకుళంలో చాలా గిరిజన గ్రామాలు షెడ్యూల్డ్ ఏరియాలో లేవు కాబట్టి మనకి వర్తించదేమో అని ఆగిపోతున్నవాళ్లున్నారు. వర్తిస్తుంది. షెడ్యూల్డ్ ఏరియాకే పరిమితమైంది 1/70 చట్టం (భూములు గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపేది), ఇది కాదు.

ఫారం ‘ఎ’ ఉచితంగా ఇవ్వాలి. నింపి, గ్రామసభ ఎన్నుకున్న అటవీ హక్కుల కమిటీకి ఇచ్చి, ముట్టినట్టు రాయించుకోండి.

అందరూ తడబడేది ఆధారాల దగ్గరే. ఒకటికి మించి ఆధారాలు చూపించాలి, అంతే. ఫలానా కాగితమే తెమ్మని పట్టుబట్టకూడదని నిబంధనల్లోనే ఉంది. ఊరి పెద్దల వాంగ్మూలం ఒక ఆధారం (దరఖాస్తుదారు కాకుండా వేరే పెద్దవాళ్లు చెప్పాలి), భూమి మీద కనిపించే పని ఇంకొకటి: రాతి గట్టు, చదును చేసిన మడి, గుడిసె, బావి.

వాంగ్మూలంలో ఏడాది తేలాలి. పైన చెప్పినాయన కోసం ఊరి తాత ‘తిత్లీ తుఫాను ముందు నుంచే చేస్తున్నాడు’ అని చెబితే అలాగే రాసేశారు. తిత్లీ వచ్చింది 2018లో కదా, దాంతో 2005 నాటి సాగు ఎలా రుజువవుతుంది? మళ్లీ కూర్చోబెట్టి నెమ్మదిగా అడిగితే, ఆయన పెద్దకూతురు పుట్టిన ఏడే రాళ్లేరి గట్టు వేశారని తాతకి గుర్తొచ్చింది. ఆ అమ్మాయి స్కూలు సర్టిఫికెట్‌లో 2001 ఉంది. ఆ మాట వాంగ్మూలంలో చేర్చి, సర్టిఫికెట్ జిరాక్స్ జతచేశాం. తిత్లీకి కూలిన జీడిచెట్ల మొదళ్లు కూడా ఇంకా తోటలోనే ఉన్నాయి, చేతులు చాపినా అందనంత లావు, అంటే అంత పాత చెట్లన్నమాట. అవి కూడా ఫొటో తీయించాం. మీ తోటలో ఇలాంటివుంటే పీకేయకండి.

కమిటీ, అటవీ శాఖ వాళ్లు భూమి చూడడానికి వచ్చే రోజు మీరు అక్కడే ఉండి హద్దులు నడిచి చూపించండి. శాటిలైట్ ఫొటోలో కనపడలేదు అంటే కంగారు పడొద్దు, అది మిగతా ఆధారాలకి తోడు మాత్రమే, వాటి బదులు కాదు.

పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా వస్తుంది, పిల్లలకి వారసత్వంగా వెళ్తుంది, అమ్మడానికి వీల్లేదు. అడ్వాన్సు ఇస్తాం, పట్టా రాగానే మాకు రాసిచ్చేయండి అని ఎవరైనా వస్తే సంతకం పెట్టకండి.

తిరస్కరించామని నోటిమాటగా చెబితే ఊరుకోవద్దు, కారణాలతో రాసిమ్మని అడగండి. గ్రామసభ తీర్మానం మీద సబ్ డివిజన్ కమిటీకి, ఆ కమిటీ నిర్ణయం మీద జిల్లా కమిటీకి అప్పీలు చేసుకోవచ్చు, ప్రతిసారీ 60 రోజుల గడువు ఉంటుంది. కాగితం చేతికి అందిన తేదీ దాని వెనక ఆ రోజే రాసి పెట్టుకోండి. పరిశీలన అంతా పూర్తయ్యేదాకా మిమ్మల్ని ఆ భూమి నుంచి ఖాళీ చేయించకూడదని చట్టంలో 4(5) సెక్షన్ చెబుతోంది. ఎవరైనా కంచె వేయడానికి వస్తే ఆ సెక్షన్ నంబరు చెప్పి, దరఖాస్తు ముట్టినట్టు రాయించుకున్న కాగితం చూపించండి.