కారట్లేదు కదా అని వదిలేసే పైపు

పోయిన నెల కావలి దాటాక హైవే పక్కన ఒక స్టాండర్డ్ హెరాల్డ్ కారు కాలిపోయింది. 1961 నుంచి 1971 దాకా మద్రాసులో తయారైన బండి అది. ఒకప్పుడు మద్రాసు దగ్గరి షోళవరం పాత రన్‌వే మీద రేసులాడిన జాతి. ఓనరు నాకు బాగా తెలిసినవాడే. చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టై రేసు ట్రాక్‌కి తీసుకెళ్దామని రెండేళ్లు తిప్పలు పడి సిద్ధం చేశాడు. ఇంజను విప్పి కట్టించాడు. టైర్లు కొత్తవి, బెల్టులు కొత్తవి, పెయింటు అద్దంలా ఉంది. మార్చనిది ఒక్కటే, ఇంజనుకి పెట్రోల్ తోసే పంపు దగ్గరి జానెడు రబ్బరు పైపు. "కారట్లేదు కదన్నా, ఉండనీ" అన్నాడట మెకానిక్. చేతులు కాలాయి గానీ మనిషి దక్కాడు.

హెల్మెట్ పెట్టుకోండి, టైర్లు చూసుకోండి అని మీకు నేను చెప్పక్కర్లేదు. ఇన్నేళ్లలో కాలిపోయిన పాత బండ్లు నాలుగు చూశాను. మూడింటికి కారణం ఈ పైపే.

పెట్రోల్ మారింది, పైపు మారలేదు. ఇప్పుడు బంకుల్లో పోసేది ఇ20, అంటే నూటికి 20 వంతులు ఇథనాల్. ఆ కాలపు రబ్బరు దీనికోసం చేసింది కాదు. ఇథనాల్ తగిలితే లోపలి నుంచి ఉబ్బి మెత్తబడుతుంది. రేసు బండి నెలల తరబడి షెడ్డులోనే ఉంటుంది కాబట్టి, ఆ పైపే మళ్లీ ఎండి, గట్టిపడి పగులుతుంది. పగులు లోపల మొదలవుతుంది, పైకి మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుంది. అందుకే "కారట్లేదు" అన్న మాట నమ్మొద్దంటాను. అది కారే రోజున మీరు మూడో గేరులో ఉంటారు. హెరాల్డ్‌లో పెట్రోల్‌ని గాలితో కలిపే కార్బొరేటరూ, వేడి పొగ బయటికి పోయే గొట్టం ఎగ్జాస్ట్ మానిఫోల్డూ ఇంజనుకి ఒకే వైపు, ఒకదాని కింద ఒకటి. చుక్క జారితే ఎక్కడ పడుతుందో వేరే చెప్పాలా?

మన దగ్గర ఇంకో తంటా ఉంది, సముద్రపు గాలి. ఇథనాల్ గాల్లోని తేమను లాక్కుంటుంది. మైపాడు వైపో కొత్తపట్నం వైపో బండి రెండు మూడు నెలలు కదలకుండా ఉంటే, ఆ నీరు ట్యాంకు అడుక్కి దిగి తుప్పు పట్టిస్తుంది. తుప్పు రజను కార్బొరేటర్‌లోకి పోయి, పెట్రోల్‌ని ఆపే నీడిల్‌ని మూసుకోనివ్వదు. అప్పుడు పొంగిన పెట్రోల్ కూడా అదే మానిఫోల్డ్ మీద పడుతుంది. బండి పక్కన పెట్టేముందు ట్యాంకు ఖాళీ చేయండి.

పైపు మార్చండి. ట్యాంకు దగ్గరిది, పంపు దగ్గరిది, కార్బొరేటర్ దగ్గరిది, అన్నీ. అంతా కలిపితే మీటరు ఉంటుందేమో. షాపులో ఊరికే "పెట్రోల్ పైపు" అంటే చేతికందింది కోసిస్తారు. ఎస్‌ఏఈ జె30 ఆర్9 అని అచ్చు ఉన్నదే అడగండి. దాని లోపలి పొర ఇథనాల్‌కి తట్టుకుంటుంది. అచ్చు లేకపోతే కొనొద్దు. బైకులకి వేసే ప్లాస్టిక్ పైపు అసలే వద్దు, వేడికి మెత్తబడి జారిపోతుంది. పంపులో పైకీ కిందికీ ఆడే పొర, డయాఫ్రం, అది కూడా రబ్బరే. అది చిల్లుపడితే పెట్రోల్ ఇంజను ఆయిల్లో కలుస్తుంది. ఆయిల్ కొలిచే కడ్డీ, డిప్‌స్టిక్, తీసి వాసన చూడండి.

రోహిణి కార్తె ఎండలకి పైపులోనే పెట్రోల్ ఆవిరై బండి ఆగిపోతుంది. పాత అంబాసిడర్ డ్రైవర్లు పంపుకి తడిగుడ్డ చుట్టేవాళ్లు. ఇల్లు చేరడానికైతే సరే, రేసుకి ఆ వైద్యం చాలదు. పైపును మానిఫోల్డ్‌కి దూరంగా తిప్పి, మధ్యలో రేకు అడ్డం పెట్టండి. ఎలక్ట్రిక్ పంపు పెడతామంటారా, దాని ఒత్తిడి 3 పీఎస్‌ఐ దాటకూడదు. ఇంజెక్షన్ కారు నుంచి పీకిన పంపు 40 పైన తోస్తుంది, కార్బొరేటర్ పొంగిపోతుంది. పైగా పాత పంపు ఇంజనుతోపాటే ఆగుతుంది. ఎలక్ట్రిక్‌ది స్విచ్ ఆన్‌లో ఉన్నంతసేపూ తోస్తుంది, తెగిన పైపులోంచైనా సరే. గుద్దుకుంటే దానంతటదే ఆగే స్విచ్ తప్పకుండా పెట్టండి.

బైండింగ్ వైరుతో పైపు కట్టొద్దు. ట్యాంకు చిల్లుకి ఎం-సీల్ అంటించొద్దు. వెల్డింగ్ వాడు "ఖాళీ ట్యాంకే కదా" అంటే అక్కడ పెట్టకండి, పేలేది అందులో మిగిలిన ఆవిరే. కార్బొరేటర్‌లో సీసాతో పెట్రోల్ పోసి సెల్ఫ్ కొట్టొద్దు. నైలాన్ చొక్కా వద్దు. లుంగీతో బండి కింద దూరొద్దు, మా షెడ్డులో ఈ మాట చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది. ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ డిక్కీలో కాదు, బెల్టు పెట్టుకుని కూర్చున్నా చేతికందాలి. బ్యాటరీ కరెంటు ఆపే కటాఫ్ స్విచ్ బయటివాళ్లకీ అందాలి. ర్యాలీకని గిద్దలూరు ఘాట్ ఎక్కి దిగేవాళ్లు బ్రేక్ ఆయిల్ కూడా మార్చండి. పాతది తేమ పీల్చి త్వరగా మరుగుతుంది, హెరాల్డ్‌లో బ్రేక్ లైను ఒకటే, పోతే నాలుగు చక్రాలకీ పోతుంది. పైపు మార్చారా? కారట్లేదని ఉంచేశారా? మార్చండి.

మంట కనబడితే స్విచ్ కట్టేసి దిగండి. బానెట్ మొత్తం ఎత్తొద్దు. హెరాల్డ్‌కి మడ్‌గార్డులతో సహా ముందుభాగమంతా లేస్తుంది, గాలి తగిలి భగ్గుమంటుంది. కొంచెం సందు చేసి అందులోంచి ఎక్స్‌టింగ్విషర్ పౌడర్ కొట్టండి. నీళ్లు పోయొద్దు. కావలి దగ్గర ఆ రోజు రొయ్యల లారీ డ్రైవరు పాపం ఆగి మరీ రెండు బకెట్లు పోశాడు. పెట్రోల్ నీళ్ల మీద తేలి టైర్ల దాకా పాకింది.

చెన్నై వెళ్తూ సూళ్లూరుపేటలో టీకి ఆగినప్పుడు బానెట్ ఎత్తి వాసన చూడండి. పెట్రోల్ వాసన తగిలితే మళ్లీ స్టార్ట్ చేయొద్దు, ట్రక్కెక్కించి వెనక్కి తెచ్చుకోండి. ఎంట్రీ ఫీజు పోతే పోయింది.