ఆరోగ్య బీమా దత్తాంశంతో దీర్ఘవ్యాధుల అధ్యయనం – నాలుగో పాఠం: వ్యాధి మొదలైన రోజును ఎక్కడ పెట్టాలి?

ఈ పాఠంలో మందుల వాడకాన్ని కొలవడం నేర్పుతానని చెప్పాను. కానీ గత అభ్యాసంలో ఎక్కువమంది ఒకే చోట తడబడ్డారు కాబట్టి, దాన్ని సరిచేయకుండా ముందుకు వెళ్లడం నాకు ఇష్టం లేదు. దక్షిణ కొరియా జాతీయ ఆరోగ్య బీమా సంస్థ సుమారు 10 లక్షల మందితో రూపొందించిన నమూనా దత్తాంశం 2002 నుంచి మొదలవుతుంది. అదే అచ్చులో, కల్పిత వ్యక్తులతో, 2002 నుంచి 2013 వరకు నేను తయారుచేసిన పట్టికలో ఏటేటా కొత్తగా మధుమేహం వచ్చినవారెందరో లెక్కించమన్నాను. మీరు పంపిన గ్రాఫుల్లో గీత 2002లో శిఖరంలా లేచి, 2003లో ఒక్కసారిగా కూలి, ఆ తర్వాత మెల్లగా దిగింది. ఇద్దరైతే దాని కింద ‘మధుమేహం తగ్గుముఖం పట్టింది’ అని వ్యాఖ్య కూడా రాశారు.

పదేళ్లుగా షుగర్ మాత్రలు వేసుకుంటున్న మనిషి కూడా ఈ పట్టికలో మొదటిసారి కనిపించేది 2002లోనే, నెల మందుల కోసం ఆసుపత్రికి వెళ్లిన రోజునే. ఏడాదికొకసారి మాత్రమే వైద్యుడి దగ్గరికి వెళ్లేవారు ఆ సంవత్సరం చివర్లో, మందులు మానేసి మళ్లీ మొదలుపెట్టినవారు 2004లోనో 2005లోనో కనిపిస్తారు. గీత నిదానంగా దిగడానికి కారణం వీరే. అందువల్ల తొలి సంవత్సరాలను లెక్కలోకి తీసుకోకుండా, పాత రోగులను గుర్తించి తొలగించడానికే వాడుకోవాలి. దీన్నే వాష్‌ఔట్ కాలం అంటారు. ఏడాది చాలుననేవారు ఉన్నారు గానీ, నేను మధుమేహానికి నాలుగేళ్లకు తగ్గను. 2002–2005 మధ్య ఒక్కసారైనా కనిపించినవారిని తీసేసి, 2006 నుంచి లెక్కపెడతాను. తైవాన్ దత్తాంశం వాడేవారికి మరో అంచు ఉంది. అక్కడ 2016లో వ్యాధి కోడ్లు ఐసీడీ (వ్యాధుల అంతర్జాతీయ వర్గీకరణ)-9 నుంచి ఐసీడీ-10కి మారాయి కాబట్టి, 250తో మొదలయ్యే పాత మధుమేహం కోడ్లను మాత్రమే వెతికితే ఆ ఏడాది రోగులంతా మాయమైనట్టు కనిపిస్తుంది.

ఎవరిని మధుమేహ రోగి అనాలనే నిర్వచనం సంగతి మీకు తెలిసిందే: ఐసీడీ-10లో మధుమేహాన్ని సూచించే ఇ11 నుంచి ఇ14 వరకు ఏదో ఒక కోడ్ ఉండాలి, దానితోపాటు మధుమేహం మందు రాసి ఉండాలి. కోడ్ ఒక్కటే ఎందుకు చాలదంటే, వైద్యుడు అనుమానంతో పరీక్ష రాసినా బిల్లు మీద ఏదో ఒక వ్యాధి కోడ్ పడక తప్పదు. మందు ఒక్కటే ఎందుకు చాలదంటే, ప్రొప్రనొలాల్ వాడే ప్రతివారికీ రక్తపోటు ఉండదు, మైగ్రేన్‌కూ అదే మందు ఇస్తారు.

ఇక నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధపెట్టిన పొరపాటుకు వస్తాను. పట్టికలో 52 ఏళ్ల స్త్రీ వరుసలు చూడండి. 2007 మార్చి 5న ఇ11 కోడ్ ఉంది, మందు లేదు. ఏప్రిల్ 2న కూడా అంతే. 2008 సెప్టెంబరు 10న అదే కోడ్‌తో 30 రోజులకు మెట్‌ఫార్మిన్ అనే మధుమేహం మందు రాశారు. మన నిర్వచనం ప్రకారం ఆమె రోగి అయింది ఈ చివరి వరుసలోని తేదీన. మీలో చాలామంది మాత్రం, మొదటి కోడ్ అదే కదా అని, 2007 మార్చి 5 నుంచి ఆమె ఆయుష్షును లెక్కించారు.

ఆ రెండు తేదీల మధ్య 555 రోజులున్నాయి. ఆ 555 రోజుల్లో ఆమె చనిపోయి ఉంటే మందు వరుస ఉండేది కాదు, ఆమె మన రోగుల జాబితాలో చేరేదే కాదు. అంటే ఆ జాబితాలో ఉన్న ఎవరూ ఆ వ్యవధిలో చనిపోవడానికి వీల్లేదు. ఇప్పుడు అదే రోజు అదే కోడ్ పడి, మందు మొదలుకాకముందే 2007 డిసెంబరులో గుండెపోటుతో మరణించిన వ్యక్తిని చూడండి. ఆయన మధుమేహం లేనివారి గుంపులో పడ్డాడు. చావు అటు వెళ్లింది, చావులేని రోజులు ఇటు వచ్చాయి, చివరికి మధుమేహం ఉన్నదానికంటే తక్కువ ప్రమాదకరంగా తేలింది. పదో తరగతి పాసైనవారిని మాత్రమే ఏరి, వారిని ఒకటో తరగతి నుంచి లెక్కించి, ఎవరూ మధ్యలో బడి మానలేదని చెప్పడం లాంటిదే ఇది. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందులు వాడినవారు ఎక్కువకాలం బతికారని చెప్పే అధ్యయనం చూసినా, ముందు వాడకం మొదలైన తేదీని, లెక్క మొదలైన తేదీని పక్కపక్కన పెట్టి చూడండి.

ఆరోగ్యశ్రీ దత్తాంశంతో ఇదంతా చేయవచ్చా అని ఒక పీజీ విద్యార్థి అడిగారు. 2007లో మొదలైన ఆ పథకం ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సలకు ఉద్దేశించినది. జేబులోంచి కొనుక్కునే నెలసరి మాత్రలు అందులో నమోదు కావు కాబట్టి, మధుమేహం మొదలైన తేదీ దొరకదు. డయాలసిస్ వంటి చివరి దశలను అధ్యయనం చేయడానికి మాత్రం అది పనికొస్తుంది.

అభ్యాసం: ఒకటి, రెండు, నాలుగేళ్ల వాష్‌ఔట్‌లతో లెక్కను మూడుసార్లు చేయండి. ప్రతిసారీ మొదటి కోడ్ తేదీతో ఒకసారి, నిర్వచనం పూర్తయిన తేదీతో ఒకసారి మరణాల రేటు కట్టండి. ఆ తర్వాత ఈ ఆరు ఫలితాల మధ్య గుంపు మారిన ప్రతి వ్యక్తి వరుసలూ తెరిచి, ఎందుకు మారారో ఒక్కొక్కరికీ ఒక్కో వాక్యంలో చేత్తో రాసి పంపండి.