గేమింగ్ పీసీకి పార్టులు ఎంచుకునే వరుస

కంప్యూటర్ షాపులో మొదట వినపడే ప్రశ్న "బడ్జెట్ ఎంత?" అంకె చెప్పగానే కొటేషన్ చేతికొస్తుంది. అందులో ప్రాసెసర్ పేరు ఘనంగా ఉంటుంది, తెర మీద బొమ్మ తయారుచేసే గ్రాఫిక్స్ కార్డు అంతంత మాత్రం. పార్టులన్నింటికీ కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ దగ్గరకొచ్చేసరికి కంపెనీ పేరు కూడా ఉండదు, "450 వాట్స్" అని రాసి వదిలేస్తారు. ఆటల కోసం కొనే పీసీకి ఈ లెక్క తలకిందులు. ముందు ఏ ఆటలు ఆడతారో, వాటిని ఏ మానిటర్ మీద చూస్తారో తేలాలి. దాన్నిబట్టి కార్డు, కార్డునుబట్టి ప్రాసెసర్, ఆ రెండింటినిబట్టి మిగతావి.

మానిటర్ ముందెందుకంటే, కార్డు పని ఎంతో నిర్ణయించేది అదే. 1080పీ తెరలో దాదాపు 20.7 లక్షల పిక్సెళ్లుంటాయి, 1440పీలో 36.9 లక్షలు, 4కేలో 82.9 లక్షలు. ప్రతి ఫ్రేమ్‌కీ (ఆటలో ఒక్కో బొమ్మకీ) కార్డు అన్నింటికీ రంగు వేయాలి. 1080పీలో హాయిగా నడిచే కార్డు 1440పీలో ఆయాసపడేది ఇందుకే. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 లాంటివే ఎక్కువగా ఆడేవాళ్లకి 24 అంగుళాల 1080పీ, 144 నుంచి 180 హెర్ట్జ్ (తెర సెకనుకు మారే సార్లు) మానిటర్ చాలు. ఈ ఆటల్లో ఫ్రేములు పెరగాలంటే ప్రాసెసరే ముఖ్యం. సైబర్‌పంక్ 2077 లాంటి భారీ ఆటలైతే బరువంతా కార్డు మీదే పడుతుంది, వాటికి 27 అంగుళాల 1440పీ బాగుంటుంది. 27 అంగుళాల్లో 1080పీ మాత్రం వద్దు, అక్షరాల అంచులు గరుకుగా కనిపిస్తాయి. ఇంట్లో ఉన్న పాత 60 హెర్ట్జ్ మానిటర్‌తోనే సరిపెట్టుకునేవాళ్లు ఖరీదైన కార్డు కొనడం దండగ. కార్డు సెకనుకు 200 ఫ్రేములు తయారుచేసినా తెర మారేది 60 సార్లే.

గ్రాఫిక్స్ కార్డు

మానిటర్‌ని పక్కనపెడితే, మొత్తం ఖర్చులో 35 నుంచి 45 శాతం ఇక్కడ పెట్టండి. 1080పీకి, కాస్త సర్దుకుంటే 1440పీకి కూడా, మా ఓటు రేడియాన్ ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ 16జీబీకి. బ్లెండర్ లాంటి 3డీ సాఫ్ట్‌వేర్ పని కూడా ఉన్నా, డీఎల్‌ఎస్‌ఎస్ (చిన్న బొమ్మని ఏఐతో పెద్దది చేసి ఫ్రేములు పెంచే ఎన్‌విడియా పద్ధతి) కావాలన్నా ఆర్‌టీఎక్స్ 5060 టీఐ 16జీబీ తీసుకోండి. 1440పీలో రాజీ వద్దనుకుంటే ఆర్‌ఎక్స్ 9070 వైపు వెళ్లాలి.

మొదటి రెండు కార్డులూ 8జీబీ మెమరీ రకంలో కూడా వస్తాయి. పేరు అదే, పెట్టె కూడా ఇంచుమించు అలాగే ఉంటుంది. కాబట్టి బిల్లు మీద "16జీబీ" అని రాయించుకోండి. కొత్త ఆటల్లో టెక్స్చర్లు (వస్తువుల మీద వేసే ఉపరితల బొమ్మలు) హై పెడితే 8జీబీ నిండిపోతుంది. పట్టనివి పీసీ ర్యామ్‌లోకి వెళ్తాయి, కార్డు వాటిని అక్కడి నుంచి పీసీఐఈ (కార్డుని బోర్డుకి కలిపే స్లాట్) దారిలో తెచ్చుకోవాలి. సగటు ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఫ్రేములు) బాగానే కనిపిస్తూ, మలుపు తిరిగినప్పుడల్లా ఆట టక్కున ఆగి కదులుతుంటే కారణం చాలాసార్లు ఇదే.

పాత పీసీకి కార్డు మాత్రమే మార్చేవాళ్లు ఇంకోటి చూడాలి. ఆర్‌టీఎక్స్ 5060, 5060 టీఐ, ఆర్‌ఎక్స్ 7600 ఆ పీసీఐఈ దారిలో ఎనిమిది లేన్లే (డేటా వరుసలే) వాడతాయి. బీ450 లాంటి పాత పీసీఐఈ 3.0 బోర్డులో పెడితే దారి ఇంకా ఇరుకవుతుంది, 8జీబీ రకాల్లో ఆ తడబాటు మరింత ముదురుతుంది. 9060 ఎక్స్‌టీకి పదహారు లేన్లున్నాయి, పాత బోర్డు మీద అదే మేలు.

షాపువాళ్లు "4జీబీ గ్రాఫిక్స్ కార్డు ఉంది సార్" అంటే మోడల్ పేరు అడగండి. అది 2014 నాటి జీటీ 730 అయితే గేమింగ్ కార్డు కాదు, మానిటర్‌కి బొమ్మ పంపే కార్డు. దాని మీద మెమరీ ఎంతుంటే ఏం లాభం?

ప్రాసెసర్, బోర్డు

కొత్తగా కట్టేవాళ్లకి ఏఎం5 సాకెట్ (బోర్డులో ఏఎండీ ప్రాసెసర్ కూర్చునే చోటు), రైజెన్ 5 7600. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు, పెట్టెలోనే కూలర్. ఆటలకి ఇది చాలు. పోటీ ఆటల్లో ఒక్కో ఫ్రేమ్‌కీ లెక్క చూసుకునేవాళ్లకి 7800ఎక్స్3డీ ఉంది. 96 ఎంబీ ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగమైన మెమరీ) వల్ల ఆటల్లో తేడా కనిపిస్తుంది, కానీ ఆ డబ్బు కార్డు నుంచి కోసి పెట్టకండి. చేతిలో డబ్బు తక్కువైతే పాత ఏఎం4 సాకెట్ మీద రైజెన్ 5 5600, లేదా ఇంటెల్ ఐ5-12400ఎఫ్ ఇప్పటికీ పనికొస్తాయి. పేరు చివర "ఎఫ్" ఉంటే అందులో గ్రాఫిక్స్ లేవని అర్థం. గ్రాఫిక్స్ కార్డు సర్వీసుకి వెళ్తే ఆ పీసీ తెర మీద ఏమీ రాదు.

ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే "ఐ7 గేమింగ్ పీసీ" చాలావరకు మూడో, నాలుగో జనరేషన్ పాత ఆఫీసు ప్రాసెసర్. విండోస్ 11కి ఇంటెల్‌లో ఎనిమిదో జనరేషన్ నుంచే అధికారిక సపోర్టు. రంగు లైట్లున్న క్యాబినెట్‌లో పెట్టినంత మాత్రాన దాని వయసు తగ్గదు. 13, 14 జనరేషన్ల ఐ7, ఐ9 'కే' ప్రాసెసర్లు సెకండ్ హ్యాండ్‌లో తీసుకునేటప్పుడూ జాగ్రత్త. అధిక వోల్టేజీ వల్ల అవి దెబ్బతింటున్నాయని తేలాక ఇంటెల్ 2024లో మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్) సవరణ ఇచ్చింది. అయితే అప్పటికే పాడైన చిప్‌ని ఆ సవరణ బాగుచేయదు.

బోర్డు బీ650 మైక్రో ఏటీఎక్స్ (చిన్న సైజు) చాలు. ప్రాసెసర్ పక్కన వీఆర్‌ఎం (దానికి కరెంటు సర్దే భాగం) మీద హీట్‌సింక్, ఎస్‌ఎస్‌డీ పెట్టే ఎం.2 స్లాట్లు రెండు, కావాలంటే వైఫై ఉన్నాయో లేదో చూడండి. రైజెన్ 9000 శ్రేణి పెడుతుంటే పాత స్టాకు బీ650కి బయాస్ (బోర్డు సొంత సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ అవసరం కావచ్చు, ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉన్న బోర్డైతే ప్రాసెసర్ లేకుండానే ఆ పని అయిపోతుంది. ఏఎం5లో పిన్నులు బోర్డులో ఉంటాయి, ఒక్కటి వంగినా వారంటీ కష్టం. అందుకే సాకెట్ మూత కౌంటర్ దగ్గరే తీయించి చూసుకోండి.

ర్యామ్, ఎస్‌ఎస్‌డీ

2025 చివర నుంచి ర్యామ్ ధరలు బాగా పెరగడంతో ఇక్కడ చాలామంది ఒకే 16జీబీ స్టిక్‌తో ఆగిపోతున్నారు. ఒక్క స్టిక్ అంటే ఒక్క చానెల్, ప్రాసెసర్‌కి డేటా అందే వేగం సగానికి పడిపోతుంది. 16జీబీకే డబ్బుంటే 8 చొప్పున రెండు కొనండి, వీలైతే 16 చొప్పున రెండు. డీడీఆర్5-6000, సీఎల్30 లేదా సీఎల్36 (అంకె తక్కువైతే ఆలస్యం తక్కువ), ఎక్స్‌పో (ర్యామ్‌ని రాసిన వేగంలో నడిపే సెట్టింగు) ఉన్న కిట్. ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెడితే రెండో, నాలుగో స్లాట్లలో పెట్టాలి. నాలుగు స్లాట్లూ నింపితే ఏఎం5లో అధికారిక వేగం 3600కి దిగుతుంది, కాబట్టి "తర్వాత ఇంకో రెండు వేద్దాం" అనే ప్లాన్ వద్దు.

ఎస్‌ఎస్‌డీ 1టీబీ ఎన్‌వీఎంఈ (ఎం.2 స్లాట్‌లో పెట్టేది), జెన్4 (పీసీఐఈ 4.0), టీఎల్‌సీ (ఒక్కో మెమరీ గడిలో మూడు బిట్లు దాచేది) రకం. జెన్5కి డబ్బు పెట్టినా ఆటల్లో తేడా తెలియదు.

ఎస్‌ఎంపీఎస్

అందరూ కోత పెట్టేది ఇక్కడే, పాడైతే మిగతా పార్టుల్ని వెంట తీసుకుపోయేదీ ఇదే. లెక్క ఇలా వేయండి. రైజెన్ 5 7600 గరిష్ఠంగా 88 వాట్లు, 9060 ఎక్స్‌టీ 16జీబీ 160 వాట్లు (కంపెనీని బట్టి కొంచెం ఎక్కువ), బోర్డు, ర్యామ్, ఫ్యాన్లు, ఎస్‌ఎస్‌డీ కలిపి 50, 60. మొత్తం 310 దగ్గర. కార్డు క్షణంపాటు దీనికన్నా బాగా ఎక్కువ లాగుతుంది కాబట్టి 550 వాట్లు, రేపు పెద్ద కార్డు వేసే ఆలోచన ఉంటే 650 లేదా 750.

ఆ వాట్లు నిజమో కాదో పక్కనున్న స్టిక్కర్ చెబుతుంది. 12వీ (12 వోల్టుల) గడిలో ఉన్న ఆంపియర్లని 12తో గుణించండి. మంచి 650 వాట్ల యూనిట్‌లో 54 ఆంపియర్లుంటాయి, అంటే 648 వాట్లు. "450 వాట్స్" అని పెద్దగా రాసి 12వీ దగ్గర 18 ఆంపియర్లే ఉంటే అది 216 వాట్ల సరుకు. కార్డు, ప్రాసెసర్ రెండూ బతికేది ఈ 12వీ మీదే. 80 ప్లస్ బ్రాంజ్, గోల్డ్ అన్నవి కరెంటు ఆదా గురించే చెబుతాయి. నాణ్యతకి చూడాల్సింది వారంటీ, ఐదేళ్ల కన్నా తక్కువ ఉన్నది వద్దు. మాడ్యులర్ (కేబుళ్లు ఊడదీసే రకం) ఎస్‌ఎంపీఎస్ మారిస్తే పాత కేబుళ్లు కూడా తీసేయాలి. అవి కొత్తదానిలో పట్టినా, లోపల పిన్నుల వరుస కంపెనీకో రకం, డ్రైవులు కాలిపోతాయి.

కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ ఉందిగా అని ధీమా పడకండి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద యాక్టివ్ పీఎఫ్‌సీ (కరెంటు తీసుకునే తీరుని సరిదిద్దే సర్క్యూట్) ఉన్న ఎస్‌ఎంపీఎస్ గుయ్‌మంటుంది లేదా ఆగిపోతుంది. సైన్ వేవ్ ఇన్వర్టర్ అయినా వెనక "యూపీఎస్ మోడ్" స్విచ్ వేయాలి, లేకపోతే కరెంటు మారే ఆ కాసేపట్లోనే పీసీ రీస్టార్ట్ అవుతుంది. విడిగా యూపీఎస్ కొంటే వీఏ చూసి వాట్లు అనుకోవద్దు. 600 వీఏవి చాలావరకు 360 వాట్లే, మానిటర్‌తో కలిపి ఆట నడుస్తుంటే చాలవు. 1000, 1100 వీఏ తీసుకోండి. క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటుంటే తప్పు పీసీది కాకపోవచ్చు, గోడ సాకెట్‌లో ఎర్త్ వైర్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించండి.

క్యాబినెట్, చల్లదనం

మే నెలలో కొత్తగూడెం, రామగుండం వైపు ఏసీ లేని గదిలో గాలే 40 డిగ్రీలుంటుంది. గది ఎంత వేడెక్కితే చిప్ కూడా దాదాపు అంతే పైకి పోతుంది, ఏ కూలరూ గది కన్నా చల్లబరచలేదు. అందుకే ముందుభాగం జాలీ ఉన్న క్యాబినెట్ కావాలి, గాజు పలక కాదు. ముందు రెండు ఫ్యాన్లు గాలి లోపలికి, వెనక ఒకటి బయటికి. దుమ్ము జాలీ ఊడదీసి కడుక్కునేలా ఉండాలి. కార్డు పొడవు, టవర్ కూలర్ ఎత్తు మిల్లీమీటర్లలో సరిపోల్చండి. 155 మి.మీ. కూలర్ చిన్న క్యాబినెట్లలో చాలావాటిలో పట్టదు. 7600 లాంటి, పెట్టె మీద 65 వాట్లు అని ఉండే ప్రాసెసర్‌కి లిక్విడ్ కూలర్ ఆడంబరమే.

కొనడం, మొదటి గంట

సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కనీసం మూడు షాపుల్లో పార్టు పార్టుకీ ధర రాయించుకోండి, మొత్తానికి కాదు. ఒకదాని మీద తగ్గించింది ఇంకోదాని మీద లాగేస్తారు. జీఎస్‌టీ బిల్లులో ప్రతి పార్టు సీరియల్ నంబరు ఉండాలి. పెట్టె మీద ఎంఆర్‌పీ, దిగుమతిదారు చిరునామా ఉన్న స్టిక్కర్ లేకపోతే కంపెనీ వారంటీ చిక్కే. అమెరికా నుంచి బంధువుల చేత కార్డు తెప్పించుకునేవాళ్లు, ఇండియాలో ఆ కంపెనీ వారంటీ ఇస్తుందో లేదో ముందే రాతపూర్వకంగా అడగండి.

మొదటిసారి ఆన్ చేయగానే తెర నల్లగా ఉంటే కంగారుపడి ఆపేయకండి, డీడీఆర్5 మెమరీ ట్రైనింగ్‌కి (బోర్డు ర్యామ్‌ని పరీక్షించి సర్దుకోవడానికి) కొన్ని నిమిషాలు పడుతుంది. తర్వాత బయాస్‌లో ఎక్స్‌పో ఆన్ చేయండి, లేకపోతే 6000 ర్యామ్ 4800 దగ్గరే నడుస్తుంది. ఎమ్యులేటర్ (పీసీలో ఫోన్ ఆటలు నడిపే సాఫ్ట్‌వేర్) వాడేవాళ్లు ఎస్‌వీఎం (వర్చువలైజేషన్), విండోస్ 11లో వాలరెంట్ ఆడేవాళ్లు టీపీఎం, సెక్యూర్ బూట్ అనే భద్రతా సెట్టింగులు కూడా ఆన్ చేసుకోవాలి. మానిటర్ కేబుల్ బోర్డుకి కాదు, కార్డుకి పెట్టండి. విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో 144 లేదా 180 హెర్ట్జ్ మీరే ఎంచుకోవాలి, చాలాసార్లు అది 60 దగ్గరే ఉండిపోతుంది. ఆ తర్వాత బరువైన ఆట ఒకటి గంటసేపు ఆడి ఉష్ణోగ్రతలు చూడండి. కార్డు 80ల్లో ఉంటే ఫర్వాలేదు. ప్రాసెసర్ పదేపదే 95 తాకుతుంటే కూలర్ అడుగున ప్లాస్టిక్ పొర తీయడం మర్చిపోయారేమో చూడండి.