రైట్ క్లిక్‌లోనే గిట్: థూనార్‌లో ఇలా పెట్టుకోండి

ఫోల్డర్ కళ్ల ముందే ఉంటుంది. అందులో ఏం మారిందో గిట్‌తో (ఫైళ్లలో మార్పుల చరిత్ర దాచే టూల్) చూడాలంటే మాత్రం టెర్మినల్ తెరిచి, సీడీ (ఫోల్డర్ మారే కమాండ్) కొట్టుకుంటూ మళ్లీ అక్కడికే చేరాలి. లినక్స్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ వాడేవాళ్లకి ఈ తిరుగుడు అక్కర్లేదు. దాని ఫైల్ మేనేజర్ థూనార్‌లో రైట్ క్లిక్ మెనూకి మన కమాండ్లు మనమే చేర్చుకోవచ్చు.

ముందు గిట్ జీయూఐ (మార్పులు చూసి కమిట్ చేసే, అంటే గిట్‌లో భద్రపరిచే విండో), గిట్‌కే (చరిత్ర చూపే విండో) రెండూ మీ సిస్టమ్‌లో ఉన్నాయో లేదో చూసుకోండి. డెబియన్, ఉబుంటుల్లో ఇవి విడి ప్యాకేజీలు, గిట్‌తో పాటు వాటంతటవి రావు.

ఎడిట్ మెనూలో ‘కాన్ఫిగర్ కస్టమ్ యాక్షన్స్’ తెరిచి ప్లస్ గుర్తు నొక్కండి. పేరు మీ ఇష్టం, నేనైతే ‘ఏం మారింది?’ అని తెలుగులోనే పెట్టుకున్నా. కమాండ్ గడిలో వరసగా గిట్, హైఫన్‌తో పెద్ద సి, శాతం గుర్తుతో చిన్న ఎఫ్ (మీరు ఎంచుకున్న ఫోల్డర్ దారి), చివర జీయూఐ టైప్ చేయండి. ‘అప్పియరెన్స్ కండిషన్స్’ ట్యాబ్‌లో ‘డైరెక్టరీస్’కి మాత్రమే టిక్ ఉంచండి.

ఆ పెద్ద సి ఎందుకంటే, ఫోల్డర్ లోపల ఖాళీ చోట క్లిక్ చేస్తే థూనార్ కమాండ్‌ని ఆ ఫోల్డర్‌లోనే నడుపుతుంది. అదే ఫోల్డర్ బొమ్మ మీద క్లిక్ చేస్తే, దాని పై ఫోల్డర్‌లో నడుపుతుంది. అక్కడ రిపాజిటరీ (గిట్ చరిత్ర ఉంచే ఫోల్డర్) ఉండదు కాబట్టి గిట్ తెల్లమొహం వేస్తుంది. పెద్ద సి ఉంటే గిట్ ముందు ఆ ఫోల్డర్‌లోకి వెళ్తుంది, అందుకే ఎక్కడ క్లిక్ చేసినా సరైన చోటికే వెళ్తుంది. ఫోల్డర్ పేరులో ఖాళీలున్నా కంగారు వద్దు, కోట్స్ పెట్టే పని థూనార్ చూసుకుంటుంది. మీరు మళ్లీ పెట్టకండి.

ఇది రిపాజిటరీ కాని ఫోల్డర్లలోనూ కనిపిస్తుంది. అక్కడ నొక్కితే ‘కొత్తది సృష్టించాలా, క్లోన్ చేయాలా (ఉన్నదానికి నకలు తీయాలా)’ అని గిట్ జీయూఐ అడుగుతుంది. మూసేస్తే సరి.

ఫైళ్లకి ఇంకో రెండు పెట్టుకోండి. గిట్‌కే, రెండు హైఫన్లు, శాతం గుర్తుతో చిన్న ఎన్ (ఫైలు పేరు) అంటే ఆ ఒక్క ఫైలు చరిత్ర. గిట్ జీయూఐ బ్లేమ్, మళ్లీ అదే ఎన్ అంటే ఏ లైను ఎవరు ఎప్పుడు రాశారో తెలుస్తుంది. వీటికి ‘టెక్స్ట్ ఫైల్స్’, ‘అదర్ ఫైల్స్’ టిక్ చేయాలి.

గిట్ డిఫ్ (మారిన లైన్లు చూపే కమాండ్) కూడా కావాలంటే టెర్మినల్‌లో తెరవాలి. ఇక్కడ ఒక తిరకాసుంది. మార్పులు ఒక స్క్రీన్‌లో పట్టేంత తక్కువైతే, గిట్ వాటిని చూపించి వెంటనే బయటికొచ్చేస్తుంది. విండో మెరుపులా వచ్చి మాయమవుతుంది. ఎక్స్‌ఎఫ్‌సీఈ4 టెర్మినల్‌కి ‘హోల్డ్’ ఆప్షన్ ఇస్తే మీరు మూసేదాకా ఉంటుంది.

హార్డ్ రీసెట్, క్లీన్, ఫోర్స్ పుష్ లాంటివి మాత్రం ఈ మెనూలోకి రానివ్వకండి. కాపీకీ డిలీట్‌కీ పక్కనే ఉండే చోటది, చెయ్యి జారితే కమిట్ కాని పనో, సర్వర్‌లో ఉన్న కమిట్లో గోవిందా. కమిట్‌కి విడిగా మెనూ ఎందుకు పెట్టలేదు అంటారా? గిట్ జీయూఐలో ఏ ఫైళ్లు వెళ్తున్నాయో కళ్లారా చూసే నొక్కుతాం కాబట్టి, ఆ దారే నాకు నయం.

ఇవన్నీ హోమ్‌లో చుక్క కాన్ఫిగ్ ఫోల్డర్, అందులోని థూనార్ ఫోల్డర్‌లో యూసీఏ అనే ఎక్స్‌ఎంఎల్ ఫైల్‌లో ఉంటాయి. కొత్త మెషీన్‌కి మారినప్పుడు థూనార్‌ని పూర్తిగా మూసి, ఆ ఫైలు అక్కడ పెట్టేస్తే చాలు.