వాలీ ఎందుకు తప్పుతోంది? నెట్ దగ్గర ఆటలో సమస్యలు - పరిష్కారాలు

టెన్నిస్‌లో బంతి నేలకు తగలకముందే కొట్టే దెబ్బే వాలీ. అది తప్పినప్పుడు చాలామంది మణికట్టును తప్పుపడతారు గాని, పొరపాటు తరచుగా బంతి రాకెట్‌ను తాకకముందే, పాదాల దగ్గరో పట్టు దగ్గరో జరిగిపోయి ఉంటుంది. అందువల్ల బంతి ఎటు పోయిందో ముందుగా గమనించి, అక్కడి నుంచి కారణాన్ని వెతకాలి.

సమస్య: బంతి బేస్‌లైన్ (కోర్టు చివరి గీత) దాటి పోతోంది.

నేలకు తగిలి లేచిన బంతిని కొట్టే గ్రౌండ్ స్ట్రోక్ ఆడినట్టే రాకెట్‌ను భుజం వెనక్కి తీసుకుపోయి ఊపడం దీనికి కారణం. ఎదురుగా వచ్చే బంతిలోనే కావలసినంత వేగం ఉంటుంది కనుక, దానికి అడ్డుగా రాకెట్‌ను నిలిపి కొద్దిగా ముందుకు నెడితే చాలు. వీపు కంచెకు దాదాపు ఆనేలా నిలబడి, సహచరుడు చేత్తో విసిరే బంతులను వాలీ చేయండి. రాకెట్ వెనక్కి వెళ్లిన ప్రతిసారీ కంచెకు తగులుతుంది కాబట్టి, కోచ్ చెప్పకుండానే తప్పు తెలిసిపోతుంది.

సమస్య: కిందికి దిగిన బంతి నెట్‌కు తగులుతోంది.

నెట్ మధ్యలో 3 అడుగులు, స్తంభాల దగ్గర 3.5 అడుగుల ఎత్తు ఉంటుంది. అంతకంటే కింద అందిన బంతిని పైకి లేపక తప్పదు. మోకాళ్లు వంచకుండా నడుము మాత్రమే వంచితే రాకెట్ తల మణికట్టు కంటే కిందికి వాలిపోయి, బంతి లేవదు. నెట్‌కు 21 అడుగుల దూరంలో ఉన్న సర్వీస్ లైన్ దగ్గరే ఆగిపోయేవారికి ఈ కష్టం మరీ ఎక్కువ, ఎందుకంటే ప్రత్యర్థి సులువుగా వారి పాదాల దగ్గరికి కొట్టగలడు. సాధనలో సర్వీస్ లైన్ మీద నిలబడి, పాదాల దగ్గరికే బంతులు వేయించుకోండి. వెనక మోకాలు నేలకు దగ్గరయ్యేంతగా కూర్చుని, రాకెట్ ముఖాన్ని కాస్త పైకి తెరిచి, నెట్ మధ్యభాగం మీదుగా పంపండి. అవతలి సర్వీస్ లైన్ దాటి కోర్టులో పడిన బంతినే లెక్కించండి. ఇలాంటి బంతితో పాయింట్ ముగించాలనే ఆశ మాత్రం పెట్టుకోవద్దు. దాన్ని లోతుగా పంపి, రెండడుగులు ముందుకు జరిగి, తరువాతి వాలీకి సిద్ధం కావాలి.

సమస్య: వేగంగా వచ్చిన బంతికి రాకెట్ చేతిలో తిరిగిపోతోంది.

ఫోర్‌హ్యాండ్‌కు, బ్యాక్‌హ్యాండ్‌కు పట్టు మార్చేంత సమయం నెట్ దగ్గర దొరకదు. సుత్తి పిడి పట్టుకున్నట్టుండే కాంటినెంటల్ గ్రిప్‌ను రెండు వైపులా వాడాలి. ఇద్దరు ఎదురెదురు సర్వీస్ లైన్ల దగ్గర నిలబడి, బంతి నేలకు తగలకుండా ఫోర్‌హ్యాండ్, బ్యాక్‌హ్యాండ్ వాలీలను మార్చి మార్చి ఆడితే ఈ పట్టు అలవడుతుంది. బంతి తాకే క్షణంలోనే పిడి బిగించాలి.

సమస్య: నెట్ దగ్గరున్నవారికి అందకుండా ప్రత్యర్థి కొట్టే పాసింగ్ షాట్లు పక్కనుంచి పోతున్నాయి.

ప్రత్యర్థి కొట్టే సమయానికి ఇంకా పరుగెత్తుతూ ఉండేవారు దిశ మార్చుకోలేరు. అతడు బంతిని కొట్టే క్షణానికి చిన్న గెంతుతో రెండు పాదాలమీదా దిగాలి. ఇదే స్ప్లిట్ స్టెప్. సాధనలో ఈ గెంతు మరిచిన ప్రతిసారీ, వాలీ లోపలే పడినా, పాయింట్ పోయినట్టు లెక్కించండి. 1999లో మహేశ్ భూపతితో కలిసి ఫ్రెంచ్ ఓపెన్, వింబుల్డన్ డబుల్స్ గెలిచిన లియాండర్ పేస్ చేతివేగాన్ని అందరూ మెచ్చుకుంటారు. నేర్చుకునేవారు ఆ ఆటల వీడియోల్లో పాదాలను చూడటం మేలు.

సమస్య: సాధనలో కుదిరిన వాలీ పోటీలో కుదరడం లేదు.

ఎటు వస్తుందో ముందే తెలిసిన బంతికి అలవాటుపడటమే ఇందుకు కారణం. సగం కోర్టులో 11 పాయింట్ల ఆట పెట్టుకుని, అవతలివారికి తల మీదుగా ఎత్తుగా లాబ్ వేసే స్వేచ్ఛ, పాదాల దగ్గరికి కొట్టే స్వేచ్ఛ ఇచ్చి, ప్రతి పాయింట్‌నూ నెట్ వైపు వెళ్లడానికి కొట్టే అప్రోచ్ షాట్‌తోనే మొదలుపెట్టండి.