లెడ్జర్ తెరుచుకోవట్లేదా? ఫార్మాట్ కొట్టేముందు ఒక్కసారి ఇది చదవండి

విజయవాడ, గుంటూరు మధ్య తిరుగుతూ షాపుల కంప్యూటర్లు చూడటం నా పని. బీసెంట్ రోడ్డు బట్టల షాపులు, వన్‌టౌన్ హోల్‌సేల్ కొట్లు, ఆటోనగర్ స్పేర్ పార్టులవాళ్లు, గుంటూరు యార్డు దగ్గర మిర్చి కమీషన్ షాపులు. చాలాచోట్ల నేను వెళ్లేసరికే ఎవరో తెలిసిన కుర్రాడు వచ్చి ఫార్మాట్ కొట్టి వెళ్లిపోయి ఉంటాడు. లెక్కలు తిరిగి వచ్చే దారి ఏదన్నా ఉంటే దాంతోనే మూసుకుపోతుంది. షాపులో ఎక్కువగా ఏం కనిపిస్తుంది, దాని వెనక ఏం జరిగి ఉంటుంది, ఏం చేయాలి అన్నది రాస్తున్నాను.

ఫైళ్ల పేర్లు మారిపోయాయి, ఏదీ తెరుచుకోవట్లేదు, డబ్బు అడుగుతూ ఒక నోటు ఉంది

ఇది రాన్సమ్‌వేర్, అంటే మీ ఫైళ్లని లాక్ చేసి, విప్పడానికి డబ్బడిగే ప్రోగ్రాం. యార్డు దగ్గర ఒక కమీషన్ షాపు ఆయన పొద్దున్నే ఫోన్ చేశారు. "బాబూ, రైతుల ఖాతాలు ఒక్కటీ తెరుచుకోవట్లేదు, ఇంగ్లిషులో ఏదో డబ్బులడుగుతోంది" అన్నారు. మార్చి నెల, సరుకు ముమ్మరంగా వస్తున్న రోజులు. వెళ్లి చూస్తే ప్రతి ఫైలు పేరు చివర ఎప్పుడూ చూడని అక్షరాలు అతికించి ఉన్నాయి. బ్యాకప్ ఉందా అని అడిగితే సీపీయూ వెనక్కి చెయ్యి చూపించారు. మిర్చి దుమ్ము పట్టిన పెన్‌డ్రైవ్ ఒకటి అక్కడ ఎర్రలైటుతో మినుక్కుమంటోంది. రెండేళ్లుగా దాన్ని తీయనే లేదట. అందులో ఫైళ్లూ లాక్ అయిపోయాయి, ఎందుకంటే కంప్యూటర్‌కి తగిలించి ఉన్న ప్రతిదాన్నీ ఆ ప్రోగ్రాం తన సొంతం అనుకుంటుంది.

వెంటనే చేయాల్సింది: నెట్ కేబుల్ పీకేయండి, వైఫై ఆపండి, షాపులో మిగతా కంప్యూటర్లను కూడా నెట్‌వర్క్ నుంచి విడదీయండి. పేర్లు ఇంకా మారుతూనే ఉంటే పవర్ కూడా తీసేయండి. ఆ నోటుకి ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ఆ హార్డ్‌డిస్క్ విప్పి పేరు, తేదీ రాసి పక్కన పెట్టండి, దాన్ని ఫార్మాట్ చేయకండి. 2016లో డచ్ పోలీసులు, యూరప్ దేశాల ఉమ్మడి పోలీసు సంస్థ యూరోపోల్, రెండు యాంటీవైరస్ కంపెనీలు కలిసి నో మోర్ రాన్సమ్ అనే సైట్ మొదలుపెట్టారు. లాక్ అయిన ఫైలు ఒకటి, ఆ నోటు అక్కడ పెడితే మీకు తగిలిన రకాన్ని విప్పే తాళం ఉందో లేదో ఉచితంగా చెబుతుంది. ఇవాళ లేకపోయినా కొన్నాళ్లకి రావచ్చు, అందుకే డిస్క్ దాచమంటున్నాను. డబ్బు కట్టొద్దు. కట్టినవాళ్లకి తాళం ఇస్తారన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. కొత్త డిస్క్‌లో విండోస్ వేసి బ్యాకప్ నుంచి డేటా దించుకోండి, పాస్‌వర్డ్‌లన్నీ వేరే శుభ్రమైన ఫోన్ నుంచి మార్చండి. సైబర్ దాడుల సంగతి చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాల ప్రకారం కంపెనీలు ఇలాంటి ఘటన తెలిసిన 6 గంటల్లోపు వాళ్లకి తెలియజేయాలి.

ఇంతకీ ఎలా వచ్చింది? ఆ షాపులో, అకౌంటెంట్ ఇంటి నుంచి పని చేసుకోవడానికని రూటర్‌లో రిమోట్ డెస్క్‌టాప్ (దూరం నుంచే షాపు కంప్యూటర్ నడిపే పద్ధతి) దారి తెరిచి పెట్టారు. పాస్‌వర్డ్ షాపు పేరు, పక్కన 123. ఇలాంటి తెరిచిన తలుపుల కోసం రాత్రీ పగలూ వెతికే ప్రోగ్రాములు ఉంటాయి. ఆ దారి మూసేయండి. బయటి నుంచి రావాలంటే వీపీఎన్ (మీవాళ్లు మాత్రమే వచ్చే రహస్య దారి) పెట్టుకోండి, పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్‌కి వచ్చే కోడ్ కూడా అడిగే రెండంచెల లాగిన్ పెట్టుకోండి. రెండో కారణం, అప్‌డేట్లు ఆపేయడం. 2017 మేలో ప్రపంచమంతా వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్‌తో అల్లాడింది, దాన్ని అడ్డుకునే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ ఆ మార్చిలోనే విడుదల చేసింది. వేసుకున్నవాళ్లు బతికిపోయారు.

బ్యాకప్ ఉంది, కానీ పనికి రాలేదు

దీనికి కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే, బ్యాకప్ కూడా అదే గదిలో ఉండటం. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు ఇది కళ్లారా చూశాను. ఒక ప్రింటింగ్ షాపులో కంప్యూటర్ బల్ల మీద, బ్యాకప్ డిస్క్ దాని కింద సొరుగులో. నీళ్లకి రెండూ ఒకటే. సొరుగు లాగితే డిస్క్ మీద బురద పొరలు పొరలుగా ఎండిపోయి ఉంది, ఆయన దాన్ని లుంగీ అంచుతో తుడుస్తూ "దీన్లో పదమూడేళ్ల డిజైన్లున్నాయండీ" అన్న మాట నాకింకా చెవుల్లోనే ఉంది. ఆరబెట్టి ఎలాగైనా ఆన్ చేసి చూద్దామన్నారు, నేను వద్దన్నాను. తడిసిన డిస్క్‌కి కరెంటు ఇస్తే మిగిలింది కూడా పోతుంది, దాన్ని నేరుగా డేటా రికవరీ చేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లాలి.

నేను చెప్పేది ఇంతే: రెండు డిస్కులు కొనండి, ఒకటి షాపులో, ఒకటి ఇంట్లో, ప్రతి శనివారం సాయంత్రం కట్టేసేముందు మార్చుకోండి. కాపీ అయిపోగానే తీసేయాలి, తగిలించి ఉంచకూడదు. గూగుల్ డ్రైవ్ లాంటి చోట ఇంకో కాపీ ఉంటే మరీ మంచిది. నెలకోసారి ఆ బ్యాకప్‌ని వేరే కంప్యూటర్‌లో తెరిచి, ఒక పార్టీ బ్యాలెన్స్ సరిపోయిందో లేదో చూడండి. తెరిచి చూడని బ్యాకప్ మీద నమ్మకం పెట్టుకోకండి.

కంప్యూటర్ నత్తనడక నడుస్తోంది

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. డిస్క్ దగ్గర ఎప్పుడూ 100 శాతం చూపిస్తుంటే అది పాత తిరిగే హార్డ్‌డిస్క్ సమస్య, ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్) వేసి ర్యామ్ 8 జీబీ చేస్తే కొత్త కంప్యూటర్‌లా పరిగెడుతుంది. ఏ పనీ చేయకపోయినా ప్రాసెసర్ మండిపోతుంటే మాత్రం అనుమానించండి. క్రాక్ చేసిన అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ వేశారా అని అడుగుతాను, చాలామంది తల దించుకుంటారు. ఆ క్రాక్ వేసేముందు యాంటీవైరస్ ఆపమంటుంది చూడండి, అక్కడే దొంగకి తాళం చేతికిచ్చేశారు. తీసేసి లైసెన్స్ కొనండి. విండోస్‌తో వచ్చే డిఫెండర్ యాంటీవైరస్‌నే ఆన్‌లో ఉంచితే చిన్న షాపుకి సరిపోతుంది.

విండోస్ 10 గురించి రోజుకొకరు అడుగుతున్నారు. దానికి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. కంప్యూటర్ నడుస్తుంది, కానీ కొత్తగా బయటపడే లోపాలకు మామూలుగా అయితే మందు రాదు. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం ప్రాసెసర్ నుంచి తీసుకుంటుంది. మీది అంతకంటే పాతదైతే రిపేర్ల మీద ఖర్చు ఆపి, ముందు బిల్లింగ్, బ్యాంకింగ్ చేసే ఆ ఒక్క కంప్యూటర్‌నైనా మార్చండి. పాతదాన్ని నెట్ లేకుండా బార్‌కోడ్ స్టిక్కర్ల ప్రింటింగ్‌కి వాడుకోవచ్చు.

జీఎస్టీ, బ్యాంకు సైట్లు అన్నీ "సురక్షితం కాదు" అంటున్నాయి

టెన్షన్ పడకండి, ముందు కింద కుడివైపు తేదీ చూడండి. 2015 అనో, అలాంటి పాత సంవత్సరమో ఉంటే మదర్‌బోర్డు మీద సెల్ అయిపోయింది. సీఆర్ 2032 అని అడిగితే వాచీల షాపులో కూడా ఇస్తారు. వేసి తేదీ సరిచేయండి. తేదీ సరిగ్గానే ఉండి కూడా అలాగే అంటుంటే మాత్రం ఆ సైట్‌లో పాస్‌వర్డ్ కొట్టొద్దు.

పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లు అయిపోయాయి

జిరాక్స్ షాపులో పెట్టి తెచ్చారు కదా. ఫైళ్లు పోలేదు, అక్కడ అంటుకున్న వైరస్ వాటిని దాచేసిందంతే. ఆ షార్ట్‌కట్లని నొక్కొద్దు. యాంటీవైరస్‌తో స్కాన్ చేసి, ఫోల్డర్ ఆప్షన్లలో దాచిన ఫైళ్లు, సిస్టమ్ ఫైళ్లు కూడా చూపించమని పెడితే కనిపిస్తాయి, వాటిని కాపీ చేసుకుని పెన్‌డ్రైవ్‌ని అప్పుడు ఫార్మాట్ చేయండి. ఇక్కడ ఫార్మాట్ తప్పు కాదు. ప్రింట్ కావాలంటే పీడీఎఫ్ మెయిల్ చేయండి.

కస్టమర్ డబ్బులు వేశానంటాడు, ఖాతాలో పడలేదు

స్క్రీన్‌షాట్‌ని రుజువుగా తీసుకోవద్దు, నకిలీ పేమెంట్ యాప్‌లు ఉన్నాయి. సౌండ్‌బాక్స్ పలికిందా, మీ ఖాతాలో పడిందా, అంతే. నిజంగానే వేసినా పడలేదంటే మీ క్యూఆర్ మీద ఎవరో తమ స్టిక్కర్ అతికించి ఉండొచ్చు. పొద్దున్నే షట్టర్ తీయగానే మీ ఫోన్‌తో ఒకసారి స్కాన్ చేసి పేరు చూసుకోండి, ఒక రూపాయి కూడా ఖర్చు కాదు.

సప్లయర్ "మా బ్యాంకు ఖాతా మారింది" అని మెయిల్ పెట్టాడు

ఇక్కడ పోయేది లక్షల్లో ఉంటుంది. ఒక్క అక్షరం తేడాతో అలాంటి అడ్రసే తయారుచేస్తారు, లేదంటే మీ మెయిల్‌లోకో వాళ్ల మెయిల్‌లోకో ముందే దూరి కూర్చుని అసలు బిల్లు వచ్చే రోజు కోసం ఎదురు చూస్తారు. మెయిల్‌లో ఇచ్చిన నంబర్‌కి కాకుండా మీ పాత బిల్లు పుస్తకంలో ఉన్న నంబర్‌కి ఫోన్ చేసి, గొంతు గుర్తుపట్టి అడగండి. మీ మెయిల్ సెట్టింగ్స్‌లో ఫార్వర్డింగ్ దగ్గర తెలియని అడ్రస్ ఉందేమో చూడండి. ఉంటే దాన్ని తీసేసి, పాస్‌వర్డ్ మార్చి, రెండంచెల లాగిన్ పెట్టండి. ఫార్వర్డింగ్ తీయకుండా పాస్‌వర్డ్ ఒక్కటే మారిస్తే మీ ఉత్తరాలు వాడికి వెళ్తూనే ఉంటాయి.

చలానా అనో పెళ్లిపత్రిక అనో వాట్సాప్‌లో వచ్చింది నొక్కాను, అప్పటినుంచీ ఫోన్ తేడాగా ఉంది

వచ్చింది ఏపీకే ఫైలు (ఫోన్‌లో యాప్ వేసే ఫైలు) అయితే అది మీ మెసేజ్‌లు చదివి ఓటీపీలు పంపించేసే రకం కావచ్చు. ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, ఇంట్లో వేరేవాళ్ల ఫోన్ నుంచి బ్యాంకుకి చెప్పి ఖాతా ఆపించండి. తర్వాత ఆ యాప్ తీసేయండి, తీయడం కుదరకపోతే ఫ్యాక్టరీ రీసెట్ చేయించండి. వాట్సాప్‌లో లింక్డ్ డివైజెస్ తెరిచి తెలియనివన్నీ లాగౌట్ చేసి, రెండంచెల పిన్ పెట్టుకోండి.

డబ్బు అప్పటికే పోయి ఉంటే ముందు 1930కి ఫోన్ చేయండి, స్టేషన్‌కి తర్వాత వెళ్లొచ్చు. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకి నిమిషాల్లో మారిపోతుంది, మధ్యలో ఎక్కడో ఆగిపోవాలంటే మీ ఫోన్ ఆలస్యం కాకూడదు. లావాదేవీ నంబర్, సమయం, ఎంత పోయింది అన్నవి చేతిలో పెట్టుకుని మాట్లాడండి, తర్వాత సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు నమోదు చేసి ఆ నంబర్ రాసి ఉంచుకోండి. ఈ 1930 అన్న నంబర్‌ని గల్లాపెట్టె పక్కన, లక్ష్మీదేవి పటం కింద, స్టాఫ్ అందరికీ కనిపించేలా పెద్ద అక్షరాలతో రాసి అతికించండి.